నాన్నగారిది వయసు మతిమరుపేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్ళు. అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి ఖర్చులు ఒక్కటి కూడా వదలకుండా పుస్తకంలో రాసే మనిషి. ఏడాదిగా అడిగిన సంగతే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఈ మధ్య అమ్మ పిన్ని దగ్గరకు వెళ్తే, వారం రోజులు నేను ఆయనతో ఉన్నాను. కట్టేసిన కరెంటు బిల్లు మళ్ళీ కట్టారు. ఉదయం వేసుకున్న బీపీ మాత్ర గంట తర్వాత ఇంకోసారి వేసుకున్నారు. రోజూ పట్టుబట్టి పూర్తిచేసే గళ్ళనుడికట్టు సగంలో వదిలేసి, "ఎవరు తయారుచేస్తున్నారో, ఈ మధ్య అర్థంపర్థం లేకుండా ఉంటోంది" అన్నారు. చిన్ననాటి సంగతులు మాత్రం పేర్లతో సహా చెబుతారు. అమ్మ "వయసు కదా" అంటోంది. అన్నయ్య దూరంగా ఉంటాడు, "ఫోనులో బాగానే మాట్లాడుతున్నారు, నువ్వే అతిగా ఊహిస్తున్నావు" అంటాడు. నేను రోజూ తేదీ, వారం అడిగి పరీక్షిస్తుంటే నాన్నగారికి కోపం వస్తోంది. డాక్టరు మాట ఎత్తితే "నాకేమైనా పిచ్చి పట్టిందా?" అంటున్నారు. ఇది డిమెన్షియానేనా? మా నాయనమ్మకు కూడా చివరి రోజుల్లో మతి నిలకడగా ఉండేది కాదు. రేపు నాకూ వస్తుందా?
– పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: ముందు ఆ పరీక్షలు మానేయండి. పొద్దున్నే ఎదురుగా నిలబడి ఈరోజు ఏ వారమని అడిగితే, ఆఫీసుకు వెళ్ళే పనిలేని మనిషి ఎవరైనా ఒక్క క్షణం తడబడతారు. నేనూ తడబడతాను. దానివల్ల మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. కూతురు తనను అనుమానిస్తోందని మాత్రం ఆయనకు తెలుస్తుంది. ఆ తర్వాత డాక్టరు ఇవే ప్రశ్నలు అడిగినా ముఖం తిప్పుకుంటారు.

ఉత్తరం చదివి జబ్బు పేరు చెప్పడం ఎవరి తరమూ కాదు. డాక్టరుకు చూపించాలా వద్దా అంటే మాత్రం చూపించాలి, ఈ నెలలోనే. అడిగిందే అడుగుతున్నారని ఈ మాట అనడం లేదు. చెవులు సరిగ్గా వినబడనివాళ్ళు, మనసులో దిగులున్నవాళ్ళు, మనం చెప్పేటప్పుడు వేరే ధ్యాసలో ఉన్నవాళ్ళు కూడా అడిగిందే అడుగుతారు. మీ ఉత్తరంలో నన్ను ఆపినవి ఆ బిల్లు, ఆ గళ్ళనుడికట్టు. ఎప్పుడూ లెక్కాపత్రం చూడని మనిషి బిల్లు రెండుసార్లు కడితే నేను పెద్దగా పట్టించుకోను. లెక్కలే వృత్తిగా బతికిన మనిషి కడితే పట్టించుకుంటాను. ఇక ఆ గళ్ళనుడికట్టు సంగతి. ఇష్టమైన పని ఉన్నట్టుండి కష్టమైపోయినప్పుడు దానికి గౌరవంగా ఒక సాకు వెతుక్కోవడం డిమెన్షియా (రోజువారీ పనులే కష్టమయ్యేంతగా మతి క్షీణించడం) తొలిదశలో చాలామంది చేసేదే. అది అబద్ధమని ఆయనకే తెలియకపోవచ్చు.

డాక్టర్లు వాడే ఏడీ8 అనే చిన్న పట్టిక ఒకటుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రూపొందించగా 2005లో వెలువడింది. అందులో ఉన్నవి ఎనిమిదే ప్రశ్నలు, సాధారణంగా వాటిని రోగిని బాగా ఎరిగినవాళ్ళనే అడుగుతారు. నిర్ణయాలు తీసుకోవడంలో, ఇష్టమైన వ్యాపకాల మీద ఆసక్తిలో, డబ్బు వ్యవహారాలు చూసుకోవడంలో, కొత్త పరికరం వాడటం నేర్చుకోవడంలో గత కొన్నేళ్ళలో మార్పు వచ్చిందా, అడిగిందే అడుగుతున్నారా, ఇలా సాగుతుంది. రెండింటికి "అవును" అని వచ్చినా క్షుణ్ణంగా చూపించుకోమంటారు. మీ ఉత్తరంలో మూడు కనిపిస్తున్నాయి. అయితే అక్కడ అడిగేది మార్పు గురించి. పక్కింటి 74 ఏళ్ళ పెద్దమనిషితో పోల్చి లాభం లేదు. అయిదేళ్ళ కిందటి మీ నాన్నగారితోనే ఈనాటి మీ నాన్నగారిని పోల్చాలి.

దానికి మీ ఇంట్లోనే మంచి ఆధారం ఉంది. ఆ ఖర్చుల పుస్తకం. అమ్మగారిని అడిగి పాతది ఒకటి, ఇప్పటిది ఒకటి తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి. అదే నెల పేజీలైతే మంచిది. తేదీలు వరుసగా ఉన్నాయా? ఒకే ఖర్చు రెండు రోజుల తేడాతో రెండుసార్లు పడిందా? పేజీ చివర మొత్తం వేశారా, వేస్తే అది సరిపోయిందా, కొట్టివేతలు ఎన్ని? కొన్ని వారాలు ఖాళీగా వదిలేశారా? చేతిరాత చిన్నదైపోయినా, వణికినా అది కూడా డాక్టరుకు పనికొచ్చే సంగతే. పేజీలను ఫోనులో ఫొటోలు తీసుకోండి. ఆయన ముందు పెట్టి "చూడండి, ఎన్ని తప్పులో" అనడానికి మాత్రం కాదు. ఆ పుస్తకం ఆయన పరువు.

చిన్ననాటి సంగతులు పేర్లతో సహా చెబుతున్నారంటే జ్ఞాపకశక్తి బాగున్నట్టే కదా అని మీ అమ్మగారు అనుకుంటూ ఉండవచ్చు. అందరూ అక్కడే పొరబడతారు. కొత్తగా జరిగినదాన్ని జ్ఞాపకంగా మార్చి నిలపడంలో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగానిది ముఖ్యపాత్ర. డిమెన్షియాకు అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్ జబ్బు సాధారణంగా మొదట దెబ్బతీసేది దానినీ దాని పరిసరాలనూ. ఎన్నో ఏళ్ళ కిందటే పదిలమైపోయిన జ్ఞాపకాలకు ఆ భాగం అవసరం అంతగా ఉండదు. కొత్తవి ముందు పోయి పాతవి ఆఖరున పోతాయన్న క్రమాన్ని ఫ్రెంచి మనోవైజ్ఞానికుడు తియొడ్యూల్ రిబో 1881లోనే రాశారు. కాబట్టి యాభై ఏళ్ళ కిందటి స్నేహితుడి పేరు చెప్పినంత మాత్రాన ధీమా పడకండి. మొన్న ఇంటికి ఎవరు వచ్చారో, వాళ్ళు ఏ పని మీద వచ్చారో మాటల మధ్యలో ఆయన ప్రస్తావనకు వస్తుందేమో గమనించండి.

వయసు మతిమరుపు వేరేగా ఉంటుంది. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, సాయంత్రానికి దానంతట అదే గుర్తుకొస్తుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోతారు, కానీ ఎక్కడెక్కడికి వెళ్ళారో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ వెతుక్కోగలరు. చిన్న ఆధారం అందిస్తే "ఆ, అవును కదూ" అంటారు. జబ్బులో ఆ ఆధారం పనిచేయదు. నిన్న డాబా మీద అరగంట మాట్లాడుకున్నామని గుర్తుచేస్తే, మాటలు మరచిపోవడం సరే, అసలు డాబా ఎక్కిన సంగతే ఉండదు. ఆ ఖాళీలో తోచిందేదో చెప్పి పూడుస్తారు కూడా. దాన్ని అబద్ధం కింద జమకట్టకండి.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. ఇన్నాళ్ళూ ఏమీ బయటపడలేదంటే అందులో ఆమె పాత్ర పెద్దదే. ఆయన మాట కోసం తడుముకుంటే ఆమె అందిస్తుంది, మాత్ర చేతిలో పెడుతుంది, వచ్చిన బంధువును ఆయన పలకరించేలోగానే పేరుపెట్టి పిలుస్తుంది. కావాలని దాచడం లేదు. ఏళ్ళ కాపురంలో ఒకరి లోటు ఒకరు పూడ్చుకోవడం అలవాటైపోయి, ఎంత పూడుస్తోందో ఆమెకే లెక్క తెలియదు. అందుకే ఆమె ఊరికి వెళ్ళిన వారంలో మీకు అన్నీ ఒక్కసారిగా కనిపించాయి. ఈసారి ముగ్గురూ కూర్చున్నప్పుడు ఒకటి గమనించండి. ఆయనను సూటిగా ఏదైనా అడిగితే, జవాబు చెప్పేముందు తల అమ్మగారి వైపు తిప్పుతున్నారా? డాక్టర్లు గదిలో పని గట్టుకుని చూసే గుర్తు ఇది. జబ్బును నిర్ధారించడానికి ఇదొక్కటే చాలదు, కానీ ఇది కనిపిస్తే అనుభవమున్న వైద్యుడు తేలిగ్గా తీసుకోరు. ఆమె "వయసు కదా" అనడంలో భయం కూడా ఉందని నా ఊహ. ఆమెతో వాదించకండి. రోజు మొత్తంలో ఆయనకు ఏయే పనులు గుర్తుచేయాల్సి వస్తోందో మాటల్లో పెట్టి అడగండి, చాలు. ఆమె చెప్పుకుంటూ పోతే జాబితా ఎంత పొడుగో ఆమెకే తెలుస్తుంది.

అన్నిసార్లూ మొదట పోయేది జ్ఞాపకమే అనుకోవద్దు. ఈ జబ్బుకు తన పేరు ఇచ్చిన జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చూసిన అగస్టె డెటర్ అనే 51 ఏళ్ళ స్త్రీలో మొదట కనిపించింది భర్త మీద అనుమానం. జ్ఞాపకం జారిపోవడం ఆ తర్వాత బయటపడింది. మీ నాన్నగారు ఈ మధ్య వస్తువు కనబడకపోతే ఎవరో తీశారంటున్నారా? ఎప్పుడూ లేనిది చిన్నవాటికి విసుక్కుంటున్నారా, నలుగురిలోకి రావడం తగ్గించారా, ఎరిగిన దారిలో తికమకపడ్డారా? ఇవన్నీ రాసిపెట్టుకోండి. మర్యాదస్తుడైన మనిషి అరవై లోపే మొరటుగా మారితే ముందుగా అనుమానించే రకం వేరు. లేని మనుషులు, జంతువులు కనబడుతున్నారన్నా, నిద్రలో కలలకు తగ్గట్టు కాళ్ళూ చేతులూ విసురుతున్నా అది ఇంకో రకం కావచ్చు, పేరు లూయీ బాడీ డిమెన్షియా. ఇలాంటివి కనిపిస్తే డాక్టరుకు మొదటే చెప్పాలి, ఎందుకంటే వాళ్ళకు భ్రమలు, ఆందోళన తగ్గడానికి ఇచ్చే హలోపెరిడాల్ వంటి మందులు తీవ్రంగా హాని చేయగలవు.

అంతా విని గుండె జారిపోకండి. వైద్యుడు మొదట వెతికేది సరిచేయగల కారణాల కోసమే. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, రక్తంలో సోడియం పడిపోయినా మతి మందగిస్తుంది. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. మందులే కారణమయ్యే సందర్భాలూ తక్కువేమీ కాదు. నిద్రమాత్రలు, జలుబుకూ అలర్జీకీ వేసుకునే పాతతరం మగత మాత్రలు, మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి ఇచ్చే కొన్ని మాత్రలు వృద్ధుల మెదడు మీద తెర కప్పినట్టు చేస్తాయి. అందుకే వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, చీటీ లేకుండా కొన్నవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. కొన్ని వారాల కిందట జారిపడి తలకు చిన్న దెబ్బ తగిలిందా అని అడగండి, ముఖ్యంగా రక్తం పలచబడే మందు వాడుతుంటే. పుర్రెకూ మెదడుకూ మధ్య నెమ్మదిగా చేరే రక్తం అచ్చం డిమెన్షియాలాగే కనిపిస్తుంది, చాలావరకు ఆపరేషన్‌తో నయమవుతుంది. వృద్ధాప్యంలో దిగులు జబ్బు కూడా మతిమరుపు వేషం వేసుకుని వస్తుంది. "నాకేమీ గుర్తుండటం లేదు" అని తనే పదేపదే వాపోయే మనిషిలో దిగులును ముందు వెతకాలి. తనకేమీ కాలేదని మనిషి అంటూ, ఇంట్లోవాళ్ళు కంగారుపడుతుంటే జబ్బు అనుమానం పెరుగుతుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఈ రెండోదే.

ఒక్క హెచ్చరిక. డిమెన్షియా సాధారణంగా నెలలు, ఏళ్ళ మీద వస్తుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఈరోజు ఉన్నట్టుండి మాటలు కలగాపులగం చేసి, కాసేపు మత్తుగా కాసేపు ఆందోళనగా ఉంటే అది డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఒంట్లో నీరు తగ్గడం దీనికి తరచు కనిపించే కారణాలు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మూతి వంకర పోవడం, ఒక వైపు చేయి పడిపోవడం వంటివైతే నిమిషం కూడా ఆగకూడదు.

"నాకేమైనా పిచ్చి పట్టిందా?" అన్న మాటకు జవాబు వెతకనవసరం లేదు. మతిమరుపు పేరెత్తకుండానే వెళ్ళడానికి మీకు నిజమైన కారణం ఉంది. బీపీ మాత్ర రెండుసార్లు పడింది. "నాన్నగారూ, ఆ రోజు మాత్ర ఎక్కువైంది కదా, నాకు భయంగా ఉంది, ఒకసారి బీపీ, రక్తం పరీక్ష చేయించుకుందాం" అనండి. ఇందులో అబద్ధం లేదు. ఆయన ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరకే ముందు వెళ్ళండి, న్యూరాలజిస్ట్ అవసరమో కాదో ఆయనే చెబుతారు. మీరు గమనించినవి ఒక కాగితం మీద రాసి ముందురోజే డాక్టరుకు అందేలా చూడండి. "మతిమరుపు బాగా ఎక్కువైంది" అని రాస్తే ఉపయోగం లేదు. ఏ తేదీన ఏం జరిగింది, అదే పని ఇదివరకు ఎలా చేసేవారు అని రాయండి. నాన్నగారి ఎదుట ఆయన తప్పుల చిట్టా విప్పే అవసరం అప్పుడు మీకు రాదు.

అక్కడ చేసే పరీక్షలు కూడా తెలిసి ఉంటే మంచిది. కొన్ని మాటలు చెప్పి కాసేపటి తర్వాత అడుగుతారు. గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలకు ముల్లులు పెట్టమంటారు. పెద్ద ముల్లు రెండు అంకె మీద ఉండాలి. తోచిందే తడవుగా చేసేయకుండా ఆపే మెదడు అదుపు సడలినప్పుడు "పది" అన్న మాట చేతిని పది అంకె మీదకే లాగుతుంది. మోకా అనే 30 మార్కుల పరీక్షలో 26కు తగ్గితే మరింత లోతుగా చూస్తారు. మీ నాన్నగారిలాంటి చదువుకున్న, లెక్కలు తెలిసిన మనిషి తొలిదశలో ఉండి కూడా ఇందులో గట్టెక్కవచ్చు, అంతగా చదువుకోనివాళ్ళు ఏ జబ్బూ లేకుండానే తడబడవచ్చు. మార్కులు బాగానే వచ్చినా మీ కాగితం పక్కన పడేయనివ్వకండి, ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ చూడమని అడగండి. ఈ పరీక్షలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి కదా అని ఇంట్లో పెట్టకండి. అలవాటైపోతే అసలు పరీక్ష పాడవుతుంది.

జ్ఞాపకంలో తేడా ఉంది, రోజువారీ పనులు మాత్రం సొంతంగా చేసుకోగలుగుతున్నారు అని తేలితే దాన్ని మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు. అందులో కొందరికి డిమెన్షియా వస్తుంది, కొందరు ఏళ్ళ తరబడి అలాగే ఉంటారు, కొందరు మామూలైపోతారు కూడా. అల్జీమర్స్ అనే తేలితే నయం చేసే మందు లేదు. డోనెపెజిల్ వంటివి కొంతకాలం లక్షణాలను సర్దుతాయి, అందరికీ ఒకేలా పనిచేయవు. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ తొలిదశవారికి మాత్రమే. దాని ప్రధాన పరీక్షలో 18 నెలల్లో క్షీణత వేగం సుమారు 27 శాతం తగ్గింది, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదమూ ఉంది. అద్భుతాలు చెప్పేవాళ్ళను నమ్మకండి. మరి ముందుగా తెలుసుకుని లాభమేమిటంటే, తన డబ్బు, తన వైద్యం, తన ఇల్లు గురించి నిర్ణయాలు ఆయనే చేయగలిగిన కాలం ఇంకా చేతిలో ఉంటుంది. ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో ఆయన నోటితోనే చెప్పి, ఆయనే సంతకం పెట్టాలి. రెండేళ్ళు ఆగితే ఆ పని మీ అన్నాచెల్లెళ్ళ మధ్య తగాదాగా మారే ప్రమాదం ఉంది. నేను చూసిన కుటుంబాల్లో జబ్బు కంటే ఎక్కువగా మనుషులను విడదీసింది ఇదే.

ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. వారానికి సరిపడా గళ్ళున్న మందుల పెట్టె తెచ్చి ఆయనచేతే నింపించండి, మీరు పక్కన ఉండండి. బిల్లులు ఖాతా నుంచి నేరుగా వెళ్ళే ఏర్పాటు చేయండి. ఫోను చేసి ఖాతా వివరాలు అడిగే మోసగాళ్ళకు ఇలాంటి పెద్దలే దొరుకుతారు కాబట్టి పెద్ద మొత్తాలకు బ్యాంకులో పరిమితి పెట్టించండి. బండి నడుపుతుంటే పక్క సీటులో కూర్చుని ఒకసారి చూడండి. ఖర్చుల పుస్తకం మాత్రం ఆయన దగ్గర నుంచి లాక్కోవద్దు.

ఇక మీ భయం. నాయనమ్మకు వృద్ధాప్యంలో వచ్చిందేమిటో ఇప్పుడు తేల్చలేం. నేరుగా వారసత్వంగా వచ్చే అల్జీమర్స్ చాలా అరుదు, అది ఎక్కువగా 65 లోపే మొదలవుతుంది. పెద్ద వయసులో వచ్చేదైతే, ఇంట్లో ఒకరికి ఉంటే మీకు ముప్పు కొంత పెరుగుతుంది, అంతే, తప్పదని కాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ మనం మార్చుకోగల 14 కారణాలను లెక్కగట్టి, వాటిని అదుపు చేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. నడివయసులో బీపీ, షుగరు, కొలెస్టరాల్ అదుపు, పొగతాగకపోవడం, కదలిక, నలుగురితో కలిసి ఉండటం అందులో ఉన్నాయి. వినికిడి లోపం కూడా ఉంది. నాన్నగారి చెవులు పరీక్ష చేయించినప్పుడు మీవీ చూపించుకోండి.

మీ అన్నయ్యతో ఫోనులో వాదించి గెలవలేరు. అయిదు నిమిషాల ఫోనులో, రెండు రోజుల చుట్టపుచూపులో తొలిదశ మనిషి చక్కగా నెట్టుకొస్తారు. పలకరింపులు, పాత కబుర్లు నాలుక మీద ఉంటాయి, వాటికి కొత్త జ్ఞాపకం అక్కర్లేదు. అందుకని అన్నయ్యను ఒక వారం వచ్చి ఉండమనండి. ఆ వారం అమ్మగారిని మళ్ళీ పిన్నిగారి దగ్గరకు పంపండి, ఆమెకూ ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. మందుల పెట్టె, బ్యాంకు పని, బిల్లులు అన్నీ నాన్నగారివే, అన్నయ్య పక్కన ఉండి చూడాలి, అడగకుండా అందించకూడదు. మాత్ర రెండోసారి నోట్లోకి వెళ్ళబోతే మాత్రం ఆపాలి. డాక్టరు అపాయింట్‌మెంట్ ఆ వారం చివరి రోజుకు ఇప్పుడే తీసుకోండి. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి వెళ్ళండి.